వాకిట్లో కట్టెల పొయ్యి, గోడకు జీరో బిల్లు

కార్తీకంలో లింబాద్రి గుట్ట నర్సింహస్వామి జాతర నాటికి నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్‌లో చలి మొదలవుతుంది. తెల్లవారుజామున ఏ వాడలో నడిచినా వాకిళ్లలో పొగ కనిపిస్తుంది. మూడు రాళ్ల మీద కాగు. అందులో ఇంటిల్లిపాది స్నానాలకు నీళ్లు. కింద ఎండిన మక్క బెండ్లు, పత్తి కట్టె, ఒకటో రెండో అడవి కట్టెలు. ఇంటి ఆడమనిషి ఒక చేత్తో కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో బెండ్లు ఎగదోస్తుంటుంది. అదే సమయానికి లోపల గ్యాసు పొయ్యి మీద చాయ్ మరుగుతుంటుంది. మీటరు బోర్డు సందులో పోయిన నెల కరెంటు బిల్లు మడిచి పెట్టి ఉంటుంది. కట్టాల్సిన సొమ్ము దగ్గర సున్నా.

కట్టె, గ్యాసు, కరెంటు మూడూ ఒకే ఇంట్లో, ఒకే పూట పనిచేస్తున్నాయి. సర్కారు లెక్కలో మాత్రం ఈ ఇల్లు ఎప్పుడో గ్యాసు ఇళ్ల జాబితాలో చేరిపోయింది. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిళ్లలో తొమ్మిదికి పైగా వంటకు పొగలేని ఇంధనమే వాడుతున్నాయి. దేశం మొత్తం మీద అలాంటి ఇళ్లు 58.6 శాతమే. ఇది చిన్న విజయం కాదు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది. కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది 2016లో, అంటే 17 ఏళ్ల తర్వాత. గ్యాసు పొయ్యి విషయంలో తెలుగు పల్లెలు దేశంలో చాలా ప్రాంతాల కన్నా ముందున్నాయి.

అయితే సర్వేలో అడిగే ప్రశ్న ఒకటే: మీ ఇంట్లో వంటకు ప్రధానంగా ఏం వాడతారు? గ్యాసు అని జవాబు రాగానే ఆ ఇంటి సంగతి తేలిపోయినట్టే. స్నానాల నీళ్లు వంట కాదు. పశువుల దాణా ఉడికించడం వంట కాదు. పసుపు ఉడకబెట్టడం వంట కాదు. పండగ నాడు ఇరవై మందికి వండే పెద్ద గిన్నె ‘ప్రధానంగా’ అన్న మాటలోకి రాదు. భీమ్‌గల్ ఇంట్లో మంట ఎక్కువగా మండేది మాత్రం సరిగ్గా ఈ పనులకే.

నీళ్ల లెక్కే చూద్దాం. చలికాలం పొద్దున ఇరవై లీటర్ల బకెట్ నీళ్లను 22 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు తేవాలంటే సుమారు అర యూనిట్ కరెంటంత వేడి కావాలి. ఐదుగురున్న ఇంటికి రోజుకు రెండున్నర యూనిట్లు, నెలకు 70 యూనిట్ల పైనే. హీటర్ రాడ్డుతో కాచుకుంటే బిల్లు ఉచిత కరెంటుకు హద్దయిన 200 యూనిట్ల గీత వైపు జరుగుతుంది. గ్యాసు మీద కాచుకుంటే ఖర్చు ఇంకో తీరుగా పడుతుంది. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడి దాదాపు 180 యూనిట్లకు సమానం. పొయ్యి మీద అందులో సగానికి కొంచెం ఎక్కువే గిన్నెకు అందుతుంది. అంటే ఒక్క నెల స్నానాలకే ముప్పావు సిలిండర్ పోతుంది. రాష్ట్ర ప్రభుత్వ మహాలక్ష్మి పథకంలో సిలిండర్ ₹500కే అన్నారు. తీసుకునేటప్పుడు మాత్రం పూర్తి ధర చెల్లించాలి, మిగతా సొమ్ము తర్వాత ఖాతాలో పడుతుంది. అదీ గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి నిర్ణయించిన సిలిండర్లకే. గ్యాసు పొదుపుగా వాడుకుంటూ కట్టెల మీద నెట్టుకొచ్చిన ఇంటికి ఆ సగటే తక్కువగా వస్తుంది. నిన్నటి పేదరికాన్ని కొలిచి రేపటి వాటా తేల్చే పద్ధతి ఇది.

అందుకే నీళ్లు బయటి పొయ్యి మీదికి వెళ్తాయి. మక్క బెండ్లకు రొక్కం పెట్టాల్సిన పని లేదు. మక్కలు ఒలిచాక కల్లంలో కుప్పగా మిగిలేవే అవి. పత్తి కట్టె చేనులో ఉన్నదే. అడవి అంచున ఉన్న తండాల్లో అయితే కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని మైళ్లు నడిచే ఆడవాళ్లు ఇవాళ్టికీ కనిపిస్తారు. కట్టె ఊరికే వస్తుందని మగవాళ్లు అంటుంటారు. మోసేది వాళ్లు కాదు కాబట్టి ఆ మాట సులువుగా వస్తుంది. ఇళ్లలోని పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాకిట్లో మండే పొయ్యి గదిలో మండేదానికన్నా నయమే, నిజం. కానీ చలి ఎక్కువైన రోజున ఆ పొయ్యి కాస్తా రేకుల చాయబాన కిందికి జరుగుతుంది. పొగ మళ్లీ ఇంట్లోకే వస్తుంది.

భీమ్‌గల్ ఇంటికి ఇంకో ముఖం ఉంది. అది నివాసం మాత్రమే కాదు, కార్ఖానా కూడా. భీమ్‌గల్, కమ్మర్‌పల్లి, ఆర్మూర్ వైపు వేలాది ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఒళ్లో చేట, చేటలో తంబాకు, పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు, కత్తెర, దారం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. పొద్దున వంట అయిందగ్గర్నుంచి మాపటి దాకా నడుము వంచి కూర్చునే పని. కంపెనీకి షెడ్డు ఖర్చు లేదు, దీపం ఖర్చు లేదు, గాలి ఖర్చు లేదు. అవన్నీ ఆ ఇంటి మీటరు మీదే తిరుగుతాయి.

ఎండాకాలంలో ఆ పనిని దగ్గర్నుంచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. నడినెత్తిన సూర్యుడు, పైన రేకులు, బయట 43, 44 డిగ్రీలు. ఫ్యాను జోరుగా పెడితే చేటలోని తంబాకు పొడి లేచి కళ్లల్లో, ముక్కులో పడుతుంది. తడిబట్టలోని ఆకు త్వరగా ఆరి, చుట్టబోతే పగులుతుంది. ఫ్యాను బంద్ చేస్తే చెమట కారి ఆకు మీద పడుతుంది. కాబట్టి ఫ్యానును సన్నగా తిప్పుకుని, కూలర్‌ను దూరంగా పెట్టుకుని, గాలి నేరుగా చేట మీదికి రాకుండా గోడ వైపు తిరిగి కూర్చుంటారు. ఈ ఇంటికి కావలసింది ఇంకో కూలర్ కాదు. నెత్తి మీద వేడి దిగకుండా చూసే కప్పు. కరెంటు పథకాలు రాసే బల్లల మీదికి ఈ ముచ్చట చేరినట్టు లేదు.

ఇక పసుపు. బాల్కొండ, మోర్తాడ్, వేల్పూర్, భీమ్‌గల్ పల్లెల్లో జనవరి నుంచి మార్చి దాకా తవ్వకం సాగుతుంది. తవ్విన కొమ్ములను ఉడకబెట్టాలి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి, అప్పుడే నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతాయి. పాత పద్ధతిలో పెద్ద ఇనుప కడాయి, దాని కింద పొద్దంతా మంట. ఇప్పుడు ఆవిరి బాయిలర్లు పొలాల దగ్గరికే వస్తున్నాయి కాబట్టి కట్టెల వాడకం కొంత తగ్గింది. అయినా బాయిలర్ కింద మండేదీ బెండ్లూ కట్టెలే. 2025లో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు వచ్చింది. ఎన్నో ఏళ్ల రైతుల పోరాటం దాని వెనక ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి బరిలో నిలిచిన జిల్లా ఇది. ధర, ఎగుమతుల గురించి బోర్డు మాట్లాడుతుంది, మాట్లాడాలి కూడా. దాంతోపాటు తక్కువ కట్టెతో ఎక్కువ పసుపు ఉడికే బాయిలర్‌ను రైతు సంఘాలకు అందించే పని కూడా చేపడితే ఊరికి ఎంతో మేలు.

చెత్తను మంటగా మార్చుకోవడం ఈ జిల్లాకు కొత్త విద్య కాదు. బోధన్‌లో 1937లో నిజాం కాలంలో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. రసం పిండాక మిగిలిన చెరకు పిప్పినే బాయిలర్లలో వేసి, ఆ ఆవిరితోనే మిల్లును నడిపి, అదే రసాన్ని మరిగించి చక్కెర చేసేవారు. చెరకును వండే మంట చెరకు నుంచే వచ్చేది. పల్లెల్లో బెల్లం వండే పొయ్యిల దగ్గరా అదే తీరు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌లో పొగగొట్టాలు చల్లారాయి, చెరకు చేలు వరి మళ్లయ్యాయి. ఇంటి ఇంధనం గురించిన ఈ వ్యాసంలో ఫ్యాక్టరీ ప్రస్తావన ఎందుకంటే, ఆ లెక్క తెలిసిన మనుషులు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు. బెండ్లను ఊరికే మూడు రాళ్ల మధ్య తగలబెడితే వేడిలో ఎక్కువ భాగం గాలికి పోతుంది. అవే బెండ్లను మంచి పొయ్యిలో, మంచి బాయిలర్‌లో వేస్తే సగం సరిపోతాయి.

ఇప్పుడు గోడ మీది జీరో బిల్లు దగ్గరికి వద్దాం. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. బీడీ కూలి మీద బతికే ఇంటికి నెలకు నాలుగైదు వందలు మిగలడమంటే మాటలు కాదు. పిల్లల నోటు పుస్తకాలో, మందులో వస్తాయి. ఉచితం అన్న మాట వినగానే మొహం చిట్లించే పట్నపు చదువరులు ఆ ఇంట్లో ఒక వారం ఉండి చూడాలి. ఇక్కడ ఫిర్యాదు ఉచితం మీద కాదు, 200 దగ్గర గీసిన గీత మీద. మీటరు 200 చూపిస్తే బిల్లు సున్నా. 201 చూపిస్తే మొత్తం కట్టాల్సిందే.

మే నెలలో మామూలు ఇంటి వాడకం ఎంతో కూడి చూద్దాం. 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు, రోజుకు 14 గంటల చొప్పున తిరిగితే మూడు యూనిట్లు దాటతాయి. ఫ్రిజ్‌కు ఒక యూనిట్. 180 వాట్ల కూలర్ పది గంటలకు 1.8 యూనిట్లు. టీవీ, నాలుగైదు ఎల్‌ఈడీ బల్బులు, నీళ్ల మోటారు అన్నీ కలిపి ముప్పావు యూనిట్ పైన. మొత్తం రోజుకు 6.8 యూనిట్ల దరిదాపు, నెలకు సుమారు 205. ఏసీ లేదు, గీజర్ లేదు, ఏ ఆడంబరమూ లేదు. అయినా గీత దాటింది. ఇప్పటి ధరల్లో 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు ₹5.10 చొప్పున, ఆపైన ₹7.70 చొప్పున పడుతుంది. కరెంటు ఛార్జీ ఒక్కటే ₹1,058. దానిపైన కస్టమర్ ఛార్జీ, ఇతర సుంకాలు. ఐదు యూనిట్లు ఎక్కువ కాల్చినందుకు వెయ్యి రూపాయల జరిమానా అన్నమాట. ఇద్దరు కొడుకులు, కోడళ్లు, ముసలి తల్లిదండ్రులు ఒకే మీటరు కింద ఉన్న ఇంటికి ఈ దెబ్బ ముందు తగులుతుంది. అన్నదమ్ములు పొయ్యి కలిసే ఉన్నా మీటర్లు వేరు చేసుకోవాలన్న ఆలోచన ఇక్కడే పుడుతోంది.

ఇదే ఇంట్లో మూడు పాత ఫ్యాన్లు తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే నెలకు 57 యూనిట్ల దాకా తగ్గుతాయి. 205 కాస్తా 150 లోపుకు వస్తుంది. గాలి అంతే, చెమట ఆరడం అంతే. 57 యూనిట్లంటే థర్మల్ కేంద్రంలో 35 కిలోలకు అటూఇటూగా బొగ్గు. ఒక్క ఇంటికి, ఒక్క నెలకు.

మరి ఆ ఇల్లు ఆ ఫ్యాన్లు ఎందుకు కొనదు? ఒక్కో ఫ్యాను ₹3,000 దరిదాపు. ఏడాదిలో పది నెలలు బిల్లు సున్నా వచ్చే ఇంటికి, కరెంటు ఆదా చేస్తే చేతికి వచ్చేది ఏమీ లేదు. ఆదా అయిన ప్రతి యూనిట్ డబ్బూ ప్రభుత్వానికే మిగులుతుంది, ఎందుకంటే జీరో బిల్లు సొమ్మును కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం)కు చెల్లించేది ప్రభుత్వమే. 150 యూనిట్లు వాడే ఇంటి తరఫున సర్కారు నెలకు ₹580, ఏడాదికి దాదాపు ₹7,000 కరెంటు ఛార్జీ భరిస్తోంది. కాబట్టి ఫ్యాను కొనాల్సింది ఆ ఇల్లు కాదు, ప్రభుత్వమే. ఒక్క ఫ్యాను నెలకు 19 యూనిట్లు తగ్గిస్తే మూడు నాలుగేళ్లలో దాని ధర ఖజానాకు తిరిగి వస్తుంది. ఆ తర్వాతిదంతా మిగులు. ఇది గాలిలో మేడ కాదు. 2015లో ఉజాలా పథకం కింద ఎల్‌ఈడీ బల్బులను కోట్ల సంఖ్యలో ఒకేసారి కొన్నందుకే, ₹300 పైన పలికిన బల్బు టోకు ధర ₹40 లోపుకు దిగింది. ఇవాళ తండాలో కూడా పాత పసుపు బల్బు కనిపించడం లేదు. ఫ్యాన్ల విషయంలో ఆ పని జరగాలి. గృహజ్యోతి లబ్ధిదారుల జాబితా ఎలాగూ డిస్కంల దగ్గర ఉంది. పాత ఫ్యాను తెచ్చి ఇచ్చిన ఇంటికి కొత్తది ఇవ్వడానికి కొత్త సర్వే కూడా అక్కర్లేదు.

కప్పు సంగతి దీనికన్నా ముఖ్యం. పాత భీమ్‌గల్‌లో మట్టి గోడలు, గూనపెంకల ఇళ్లు ఉండేవి. మధ్యాహ్నం లోపలికి అడుగుపెడితే చల్లగా తగిలేది. గల్ఫ్ డబ్బు వచ్చాక వాటి చోట స్లాబు ఇళ్లు లేచాయి. దుబాయిలో, మస్కట్‌లో, రియాద్‌లో ఎండకు మాడిన మనుషులు పంపిన రూపాయిలతో కట్టుకున్న ఇళ్లవి. వాటిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. డబ్బు అందని ఇళ్లకు రేకులు వచ్చాయి. స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రంతా వేడి కక్కుతుంది. రేకులు పగలే కక్కుతాయి.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. దేశంలో ఒక రాష్ట్రం ఇలాంటి విధానం తేవడం అదే మొదటిసారి. పైకప్పు తెల్లగా ఉంటే ఎండ తిరిగి పైకే పోతుంది, ఇంట్లో రెండు నుంచి నాలుగు డిగ్రీల దాకా వేడి తగ్గుతుంది. మంచి ఆలోచనే. కానీ సొంత ఇళ్ల విషయంలో తప్పనిసరి చేసింది 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికే. భీమ్‌గల్ బీడీ కార్మికురాలి ఇల్లు ఎన్ని గజాలుంటుంది? ఏసీ పెట్టుకోగలిగిన ఇంటికి చల్లటి కప్పు తప్పనిసరి అయింది, పెట్టుకోలేని ఇంటికి ఇష్టమైతే వేసుకోమన్నారు. 2018లో మున్సిపాలిటీ అయిన ఊరు ఇది. మార్చి నెలలో రేకుల మీద, స్లాబుల మీద రెండు పూతలు సున్నం వేయించడం పట్టణ బడ్జెట్‌కు మోయలేని బరువు కాదు. ఇందిరమ్మ ఇళ్లకు విడతల వారీగా ₹5 లక్షలు ఇస్తున్నప్పుడు, స్లాబు పడ్డాక తెల్లటి పూత ఉందో లేదో చూసి బిల్లు చేయాలన్న ఒక్క వాక్యం నిబంధనల్లో చేరిస్తే చాలు.

సోలార్ మాటేమిటని అడిగేవారుంటారు. పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకు ₹60,000, 3 కిలోవాట్లకు ₹78,000 సబ్సిడీ వస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ఊరంతా సోలార్ కప్పుల కిందికి వచ్చింది. భీమ్‌గల్‌లో ఎండకు కొదవ లేదు. కానీ సున్నా బిల్లు వచ్చే ఇల్లు సోలార్ పలకలకు పైసా ఎందుకు పెడుతుంది? ఇక్కడా ఫ్యాను లెక్కే. ఏటా ఆ ఇంటి తరఫున సర్కారు భరించే ₹7,000ను ఐదారేళ్లకు ముందే లెక్కగట్టి పెట్టుబడిగా ఇస్తే, కేంద్ర సబ్సిడీ కలుపుకుని ఒక కిలోవాట్ పలకలు ఆ కప్పు మీదికి వస్తాయి. రోజుకు నాలుగు యూనిట్లు ఇంటిపైనే పుడతాయి. చాలా రేకుల ఇళ్లకు ఇది కుదరదు కాబట్టి వాళ్ల వంతు పలకలను బడి మీద, మున్సిపల్ కార్యాలయం మీద పెట్టవచ్చు.

ఈ మార్పులు వచ్చేదాకా వెంటనే చేయదగినది ఒకటుంది. ఏప్రిల్, మే, జూన్ నెలలకు 200 గీతను 250కి జరపాలి. లేదా, 200 దాటిన యూనిట్లకే బిల్లు వేయాలి. ఎండాకాలం వేడి అందరికీ ఒకటే, మీటరు మాత్రం పెద్ద కుటుంబాన్ని శిక్షిస్తోంది. ఇళ్ల ఇంధనం మీద సర్వే చేసేవాళ్లు కూడా ప్రశ్నల పట్టికలో ఇంకొక్కటి చేర్చాలి: స్నానాల నీళ్లు దేని మీద కాస్తారు?

గల్ఫ్‌లో ఉన్న భీమ్‌గల్ తమ్ముళ్లకు కూడా ఒక మాట. ఈసారి సెలవుకు వచ్చి ఇంటి మీద ఇంకో అంతస్తు లేపే ముందు, ముందు గదికి ఏసీ బిగించే ముందు, తెల్లవారి వాకిట్లో అమ్మ ఏం చేస్తోందో ఒకసారి చూడండి. వంద లీటర్ల సోలార్ వాటర్ హీటర్ ఒక ఏసీ ధర లోపే వస్తుంది. స్లాబు మీద దానికి చోటు ఉంది. ముందు అది పెట్టించండి.